జాకెట్టు మెడ మీద కునుకు

బైబిల్లో యాజకుని అంగీ మెడ చిరగకుండా చుట్టూ గట్టి అంచు వేయమన్న దేవునికి స్తోత్రం. అంత చిన్న పనిని కూడా ఆయన చూశాడు.

ఇవాళ సోలార్ పార్కులో ప్యానెళ్లు కడిగి వచ్చి, మా పాప గౌను మెడకు పట్టీ కుడుతూ కునికాను. అమ్మ గుర్తొచ్చింది.

అమ్మ రాయచెర్లులో జాకెట్లు కుట్టేది. నా చిన్నప్పుడు ఒక మధ్యాహ్నం పక్కింటి రామక్క జాకెట్టు మెడకు చేతికుట్టు వేస్తూ, తల వంచి కళ్లు మూసుకుంది. ప్రార్థిస్తోందనుకున్నాను. అంతలో రామక్క వచ్చింది. ఆ జాకెట్టు వేసుకుని తమ్ముడి పెళ్లికి బస్సెక్కాలి.

"పెద్దమ్మా, మాట్లాడొద్దు. అమ్మ ప్రార్థనలో ఉండాది," అన్నాను.

రామక్క అమ్మను చూసింది, చేతిలో ఆగిన సూదిని చూసింది. "చేసుకోనీలే పాపా. ఈ బస్సు పోతే ఇంగోటి వస్తాది," అని గడప మీద కూర్చుంది.

బస్సు హారన్ కొట్టుకుంటూ వెళ్లిపోయింది. అమ్మ ఉలిక్కిపడింది.

"లేపగూడదా రామక్కా?"

"దేవునితో మాట్లాడతాంటివి, ఎట్ల లేపేది? నడుమ గురక గూడా పెడితివి."

ప్రార్థనలో గురక కూడా ఉంటుందని ఆ రోజు నేర్చుకున్నాను. రామక్క తన బస్సు వదులుకుని అమ్మకు నిద్ర ఇచ్చిందని ఇన్నేళ్లకు అర్థమైంది.

పని మధ్యలో కన్ను మూతపడే వారి కోసం, వారిని లేపకుండా కూర్చునే వారి కోసం, మీరూ నాతో ఒక్క మాట ప్రార్థించండి.