పక్కకు వంగిన తలకట్టు

బొగ్గుబావిలోకి దిగినవారికీ, ఇంటి గుమ్మంలో వారి కోసం ఎదురుచూసేవారికీ ఒకే వెలుగైన దేవునికి స్తోత్రం.

కొన్నేళ్లుగా మా గోదావరిఖనిలో ఏ ఫ్లెక్సీ చూసినా ఒకటే రాత. బుడగల్లా ఉబ్బి, ఒకటి పైకీ ఒకటి కిందికీ గెంతుతున్నట్టుండే అక్షరాలు. మొదట పిల్లల పుట్టినరోజులకు వచ్చాయి. తర్వాత పెళ్లిళ్లకు, రిటైర్మెంట్ సన్మానాలకు. పళ్ల డాక్టరు బోర్డు మీద చూసి నవ్వుకున్నాను. మా చర్చి సంఘం ఉపవాస కూడికల ఫ్లెక్సీ మీద ‘కన్నీటి ప్రార్థన’ అన్న మాట గెంతులేస్తుంటే మాత్రం నవ్వు రాలేదు.

నిరుడు మా పక్క క్వార్టర్ బావ ప్రభువునందు నిద్రించాడు. బొగ్గుబావిలో పనిచేసి రిటైరైన మనిషి. ఆయన భార్యను నేను అక్కా అంటాను. పోయినవారి ఇంటివాళ్లను ఓదార్చడానికి పెట్టే ఆదరణ కూడిక రోజు పొద్దున్నే షామియానా వేసి, వెనక ఫ్లెక్సీ కట్టారు. బావ ఫొటో, పక్కన పెద్దగా ఆయన పేరు. అవే గెంతులాడే అక్షరాలు.

బావ తమ్ముడు చూసి నిలబడిపోయాడు. ఫ్లెక్సీల దుకాణమాయన మా సంఘస్థుడే, తాళ్లు తనే కడుతున్నాడు.

“మా అన్న పోయిండనుకున్నవా, పుట్టిండనుకున్నవా?”

అందరూ అవే అడుగుతున్నారని, దూరానికి బాగా కనపడతాయని ఆయన ఏదో చెప్పబోయాడు.

“రేపు నీ దుకాణం మూసేసినప్పుడు గూడ గవ్వే అక్షరాలల్ల రాసుకో.”

బసంత్‌నగర్ నుంచి చుట్టాలు బస్సు దిగే వేళయింది. అక్క బయటికి వచ్చి చూస్తే ఆమె మనసు ఎంత నొచ్చుకుంటుందోనని నా భయం. వెనక ఉత్త గుడ్డ ఉన్నా నయమే, విప్పేయమని నేనూ అన్నాను. ఒక పక్క తాడు విప్పేసరికి అక్క గడప దాటి వచ్చింది. ఎందుకు తీస్తున్నారని అడిగింది. మరిది చెప్పాడు.

ఆమె ఫ్లెక్సీ దగ్గరికి వెళ్లింది. ఆ రాతలో తలకట్టు అక్షరం మీద నిటారుగా ఉండదు. ఒక పక్కకు వాలి, జారిపోతుందేమో అన్నట్టుంటుంది. బావ పేరులో మొదటి అక్షరం మీది తలకట్టును ఆమె వేలితో తాకింది.

“మీ అన్న టోపీ గిట్లనే పెట్టేటోడు.”

ఆమె నా వైపు తిరిగింది.

“షిఫ్టు దిగి అందరు ఒక్కసారే వస్తుండె చెల్లె. అందరి మొఖాలు నల్లగనే ఉండేటియి. పక్కకు వంగిన టోపీ సూసి, ఇగో మా ఇంటాయన వస్తున్నడని పొయ్యి మీద నీళ్లు పెట్టేదాన్ని. ఉండనియ్యుండ్రి.”

విప్పిన తాడును మరిదే మళ్లీ కట్టాడు. దుకాణమాయన రెండో కొస పట్టుకున్నాడు. కూడిక జరిగినంతసేపూ అక్క ఫొటో వైపు కాక ఆ పేరు వైపే చూస్తూ కూర్చుంది.

దుఃఖపు ఇళ్లలో ఆ అక్షరాలు నాకు ఇప్పటికీ నచ్చవు. వేసేముందు ఇంటివాళ్లను ఒక మాట అడగమని దుకాణమాయనకు చెప్పాను, అడుగుతున్నాడు. కానీ బజార్లో ఎక్కడ ఆ తలకట్టు కనపడినా, పొయ్యి మీద నీళ్లు పెట్టి గుమ్మంలో నిలబడ్డ అక్కే గుర్తొస్తుంది.

ఇది చదువుతున్న మీరు, ఏ దేవుణ్ణి ఏ పేరుతో పిలిచేవారైనా సరే, ఒక్క క్షణం నాతో కలిసి ప్రార్థించండి. ప్రభువా, ఆమె సాయంత్రాలకు తోడుగా ఉండు. ఈ పూట బావిలోకి దిగినవారిని, గుర్తుపట్టేవారి దగ్గరికి క్షేమంగా చేర్చు. ఆమేన్.