మొలతాడు పేనిన హెర్సాన్

వల్‌క్లేర్ ఊళ్ళో అవిసె నార పేనే ఆడవాళ్ళకు కొదవ లేదు. మఠానికి మొలతాళ్ళు పేనేది మాత్రం హెర్సాన్ ఒక్కతే. ఆమె తల్లి పేనింది, ఆ తల్లి తల్లీ పేనింది. మఠంలో చేరిన ప్రతి యోధుడూ, ప్రతి సేవక సోదరుడూ చొక్కా మీద ఆ సన్నని తెల్లతాడు చుట్టుకోవాలి. నిద్రలో కూడా విప్పకూడదు. ఆడదాని నీడ సోకని బతుకు బతుకుతామన్న ఒట్టుకు అది గుర్తు. ఆ గుర్తును పేనేది ఒక ఆడదే కదా అని ఊళ్ళో ముసలమ్మలు ముసిముసిగా నవ్వేవారు.

హెర్సాన్ ముత్తాత కాలంలో ఆ మఠమంటే ఒక గడ్డికొట్టం, ఒక గంట. యెరూషలేం దారిలో యాత్రికులకు కాపలా కాస్తామని ఒట్టు పెట్టుకున్న ఆ యోధులు, పేదరికం వల్ల ఒకే గుర్రం మీద ఇద్దరేసి ఎక్కి తిరిగేవారట. తరవాత చావుకు భయపడ్డ దొరలు ఒక్కొక్కరే పొలాలు రాసిచ్చారు. కొట్టం పోయి కోటగోడ లేచింది. ద్రాక్షతోటలు, పిండిమర, ఊరి రొట్టెలు కాలే పొయ్యి, అన్నీ వాళ్ళవే అయ్యాయి. "ఇప్పుడు ఒక్కొక్కరికీ మూడేసి గుర్రాలున్నాయి, ఎక్కి పోదామంటే యెరూషలేమే చేతిలో లేదు" అనేవాడు కుంటి రెమి.

రెమి బిచ్చగాడు. మఠం గుమ్మమే అతని ఇల్లు. ఒక సోదరుడు పోతే, అతని వంతు భోజనాన్ని నలభై రోజుల పాటు ఒక పేదవాడికి పెట్టాలని అక్కడి నియమం. ఆ పేదవాడు తిన్న ముద్దే పోయినవాడికి పైలోకంలో దారిబత్తెం. అలా ఎందరి పేరున తిన్నాడో రెమికే తెలియదు. "పుణ్యాత్ములంతా నా పొట్టలోంచే స్వర్గానికి పోయారు" అని పొట్ట తడుముకునేవాడు.

గోడల లోపల ఏం జరుగుతుందో బయటివాళ్ళకు తెలియనిచ్చేవారు కారు. ఆదివారం సభ పెట్టుకుంటే ప్రార్థనాలయం తలుపులు మూసి, కత్తి దూసిన మనిషిని కాపలా పెట్టేవారు. మూసిన తలుపు ముందు ఊరి నోరు ఊరుకోదు. లోపల మాట్లాడే తలకాయ ఉందని ఒకరు, నల్లపిల్లికి మొక్కుతారని ఇంకొకరు. హెర్సాన్ వినేది, పేనుకునేది.

ఆమె తమ్ముడు గిల్లో ఆ మఠంలోనే చేరాడు. గుర్రాల పని. యోధుల తెల్ల పైఅంగీ కాదు గాని, సేవక సోదరుల నల్ల అంగీ దొరికింది. అది వేసుకుని వీధిలో నడిచిన రోజున తల్లి కంట నీరు ఆగలేదు. అదే తల్లి మంచాన పడి ఆఖరి ఘడియల్లో ఉంటే, మఠాధిపతి ఫుల్క్ దొర సెలవిచ్చి, తోడుగా ఇంకో సోదరుణ్ణి పంపాడు. గిల్లో మంచం కాళ్ళ దగ్గరే నిలబడ్డాడు. ఏ ఆడమనిషినీ, తల్లినైనా సరే, ముద్దు పెట్టుకోకూడదని వాళ్ళ నియమం.

"ఒరే నాన్నా, దగ్గరికి రారా" అంది తల్లి.

గిల్లో వంగి ఆమె నుదుటి మీద ముద్దు పెట్టుకున్నాడు. తోడు వచ్చినవాడు చూశాడు.

ఆ ఆదివారం సభలో గిల్లో ఒంటి మీద అంగీ ఊడబెరికారు. ఇక వంటశాలలో నేల మీద కూర్చుని తినాలి. కుక్క వచ్చి గిన్నెలో మూతి పెడితే అదిలించకూడదు. చలికాలం. అంగీ లేని ఒంటికి దగ్గు పట్టుకుంది, దగ్గు గుండెకు దిగింది. మంచు కరగకముందే గిల్లో పోయాడు.

హెర్సాన్ మఠం గుమ్మానికి వెళ్ళింది. "అయ్యా, మా వాడి పేరున రెమికి ముద్ద పెట్టించండి. ఇంకేమీ అడగను" అంది.

ఫుల్క్ దొర గుర్రం దిగలేదు. "అంగీ లేకుండా చచ్చినవాడు సోదరుడు కాడు. వాడి పేరున ఇక్కడ గిన్నె లేవదు" అన్నాడు. గుర్రం లోపలికి పోయింది. రెమి తల దించుకున్నాడు.

తల్లి పోయినందుకు ఏడ్చింది, తమ్ముడు పోయినందుకు ఏడ్చింది. ఈ మాటకు మాత్రం ఆమెకు ఏడుపు రాలేదు. చలికి పోయినవాణ్ణి ఆ దొర ఆకలితో పైకి పంపాడు. ఆ మాట అన్న నోటితోనే గిల్లోని సోదరుడని అనిపించాలి, ఆ తరవాత ఆ నోరు మూతపడాలి. అంతకన్నా ఆమెకు వేరే కోరిక లేకపోయింది.

"వాళ్ళకింకా తాళ్ళు పేనుతున్నావేంటమ్మా, సిగ్గు లేదూ?" అని పక్కింటావిడ అడిగింది ఒకసారి.

"పగవాడి నడుం చుట్టూ తిరిగే తాడు నా చేతిలో ఉండొద్దూ?" అంది హెర్సాన్, నార తడుపుకుంటూ.

ద్రాక్షకోతలు ముగిసిన అక్టోబరులో, ఒక శుక్రవారం తెల్లవారుతుండగా రాజుగారి మనుషులు వచ్చి మఠాన్ని పట్టుకున్నారు. ఆ ఒక్క పొద్దున రాజ్యమంతటా అన్ని మఠాల్లోనూ అంతేనట. కత్తి ఎత్తినవాడు లేడు. క్రీస్తును కాదన్నారనీ, విగ్రహపు తలకాయకు మొక్కారనీ, ఆ తలకు తాకించిన తాళ్ళనే నడుముకు కట్టుకున్నారనీ, చేరే రోజున సిగ్గుమాలిన చోట్ల ముద్దులు పెట్టుకుంటారనీ నేరాలు. ఊరు నోరు తెరిచింది. నిన్నటిదాకా కబుర్లుగా చెప్పుకున్నవన్నీ నేరాలుగా తిరిగొచ్చాయి.

చలి ముదిరాక హెర్సాన్‌కు పిలుపు వచ్చింది. మఠంవారి ధాన్యపుకొట్టులోనే విచారణ. బల్ల వెనక విచారణాధికారి, పక్కన రాయసగాడు. ఇద్దరు భటులు ఫుల్క్ దొరను మోసుకొచ్చి నేల మీద కూలేశారు. అతని పాదాలకు గుడ్డలు చుట్టి ఉన్నాయి. పాదాలకు నిప్పు చూపిస్తే అన్నిటికీ ఔనన్నాడని ఊళ్ళో అనుకున్నారు. ఇప్పుడు కాదంటున్నాడట. ఎన్నడూ గుర్రం మీద తప్ప కనిపించని మనిషి నేల మీద ఎలా ఉంటాడో హెర్సాన్ తనివితీరా చూసింది.

"ఈవిడే తాళ్ళు పేనేది" అన్నాడతను. గొంతు గీసుకుపోయింది. "అడగండి. మామూలు అవిసె తాళ్ళేనని చెబుతుంది."

అధికారి ఆమె వైపు తిరిగాడు. "నువ్వేనా పేనేది?"

"నేనేనయ్యా."

"వాటిని విగ్రహానికి తాకించేవారా?"

"గుమ్మం దగ్గర ఇచ్చి వచ్చేదాన్ని. తలుపులు మూసుకుని లోపల ఏ తలకి తాకించారో ఆడదాన్ని, నాకెట్టా తెలుస్తుందయ్యా? కాపలావాడు కత్తి పట్టుకునుంటాడాయె."

రాయసగాడు గబగబా రాసుకున్నాడు. ఆమె అన్నదాంట్లో అబద్ధం ఒక్కటీ లేదు. ఫుల్క్ దొర కళ్ళు ఆమెను పట్టుకున్నాయి.

"ముద్దుల సంగతి?" అన్నాడు అధికారి.

"హెర్సాన్" అన్నాడు ఫుల్క్. ఆమెను పేరు పెట్టి పిలవడం అదే మొదలు. "తల్లి నుదురు తాకినందుకే మేం ఒకణ్ణి శిక్షించాం. అలాంటి చోట ఆ పాడుపనులు ఎలా జరుగుతాయి? చెప్పు తల్లీ. ఊరందరిలో నువ్వు చెబితేనే నమ్ముతారు. నీ తమ్ముడి సంగతి చెప్పు."

కొట్టులో అందరూ ఆమె నోటివంకే చూస్తున్నారు. ఆ ఒక్క మాట చెబితే నేరంలో సగం కూలుతుందని ఆమెకూ తెలుసు.

"ఏ తమ్ముడయ్యా? పేరు చెప్పండి."

"గిల్లో."

"గిల్లో అంటే ఎవరు?"

ఫుల్క్ పెదవులు తడుపుకున్నాడు. "మా గుర్రాలు చూసుకున్న గిల్లో. మా... మా సోదరుడు గిల్లో."

ఇన్నాళ్ళూ ఆ మాట కోసమే ఎదురుచూసింది. తీరా చెవిన పడ్డాక కడుపులో మంట చల్లారలేదు. ప్రాణం మీదికి వచ్చింది గనక ఇచ్చిన మాట అది. బిచ్చం కూడా కాదు, లంచం.

"అలాంటి సోదరుడు మీ మఠంలో లేడయ్యా" అంది హెర్సాన్. "అంగీ లేకుండా చచ్చినవాడు సోదరుడు కాడని తమరే సెలవిచ్చారు. నాకు తెలిసి ఎవర్నో ముద్దు పెట్టుకున్నందుకు ఇక్కడ ఎవరికీ శిక్ష పడలేదు."

మొదటి జవాబులో లేని అబద్ధం ఇందులో ఉంది. అది ఆమె గొంతులో ఎక్కడా తగలకుండా జారిపోయింది.

ఆ సాయంత్రమే ఆమె బఠాణీ చారు కాచి రెమిని పిలిచింది. మఠం మూతపడ్డాక అతను ఎండుపుల్లలా అయిపోయాడు.

"ఎవరి పేరునమ్మా?"

"గిల్లో పేరున. నలభై రోజులూ రా."

"అబ్బ! ఆలస్యమైతేనేం, బఠాణీలు దండిగా వేశావు" అని రెమి కన్నీళ్ళతో పాటు తాగేశాడు.

ఆ నలభై రోజులూ నిండే వేళకు ఫుల్క్ దొర చెరలోనే పోయాడని కబురు వచ్చింది. అతని పేరున గిన్నె ఎత్తడానికి మఠమూ లేదు, సోదరులూ లేరు. రెమి ఆఖరి రోజు చారు తాగి, ఖాళీ గిన్నె ఇంకా చాపి కూర్చున్నాడు.

"దొరగారు కూడా పోయారట కదమ్మా. ఆయన పేరున మళ్ళీ మొదలెడితే? నా పొట్టకి పేర్లతో పనేముంది."

హెర్సాన్ కుండ దించింది. అడుగున మిగిలిన చారును గుమ్మం ముందు పడుకున్న కుక్క ముందు నేల మీద ఒంపింది. కుక్క నాకుతుంటే ఇద్దరూ చూశారు. రెమి అదిలించబోయాడు.

"అదిలించకు" అంది హెర్సాన్. "నియమం."

మర్నాడు రెమి రాలేదు. ఆమే గిన్నె పట్టుకెళ్ళి మఠం గోడ కింద కూర్చున్న అతని ముందు పెట్టింది.

"ఇదెవరి పేరునమ్మా?" అన్నాడు బెదురుగా.

"నీ పేరునే తిను."

"నేనింకా చావలేదుగా!"

"అందుకే తినమంటున్నా."

తరవాత హెర్సాన్ చాలాకాలం బతికింది. కొనేవాళ్ళు లేక మిగిలిపోయిన మొలతాళ్ళతో మేకను కట్టేసుకునేది. యోధులు నిజంగా తలకాయకి మొక్కేవారా అని ఊరిపిల్లలు అడిగితే, "తలుపు మూసుకున్నారుగా, వాళ్ళనే అడగండి" అనేది. తల్లి నుదుటి మీద తమ్ముడు పెట్టిన ముద్దు సంగతి మాత్రం ఆమె ఎవరికీ చెప్పలేదు.