నాలుగు రోజులు తెప్ప మీద, ఐదు వారాలు మంచం మీద

నా జబ్బు సముద్రం మీద మొదలైంది. తెప్ప మీద కొట్టుకుపోతున్న మూడో రోజు, ఎండ నెత్తి మీదికి వచ్చే వేళకు, నిన్నటి నుంచి మూత్రం పోయలేదని గుర్తొచ్చింది. ప్రయత్నించాను. ఎంతసేపటికో నాలుగు చుక్కలు పడ్డాయి. కాఫీ డికాషన్ రంగులో ఉన్నాయి. చుట్టూ ఉన్న అంత నీటిని చూసినా రాని భయం ఆ నాలుగు చుక్కలు చూశాక వచ్చింది.

నా పేరు వేలాయుధం. వయసు ముప్పై తొమ్మిది. మాది తడకు అవతల, పులికాట్ సరస్సు సముద్రంలో కలిసే చోటుకు దగ్గరలో ఉన్న పల్లె. తాత, నాయన సముద్రం మీదే బతికారు. నేను శ్రీ సిటీలో ఒక ఫ్యాక్టరీలో ప్యాకింగ్ పని చేస్తాను. చేపలు పట్టడం నాకు సెలవు రోజు సరదా, కాస్త పొగరు కూడా. ఏసీ గదిలో అట్టపెట్టెలకు టేపు అంటించేవాడికి కూడా సముద్రం తెలుసని ఊళ్ళో చూపించుకోవాలి కదా.

ఆ రోజు శ్రీహరికోటలో రాకెట్ వదులుతున్నారు. అలాంటి రోజు ఆ పక్క సముద్రంలోకి పడవలు పోకూడదని ముందే చెప్తారు. ఊళ్ళో పడవలన్నీ ఒడ్డుకు లాగేశారు. పడవలు తిరగని రోజు చేప బెదరకుండా గాలానికి బాగా పడుతుందని మావాళ్ళ నమ్మకం. నా దగ్గర ఉన్నది పడవ కాదు, థర్మాకోల్ తెప్ప. నాలుగు థర్మాకోల్ దిమ్మెలు పేర్చి, గోనెపట్టా చుట్టి, పాత వలతో బిగించి కట్టింది. ఒక మనిషి కాళ్ళు మడుచుకుని కూర్చుంటే నిండిపోతుంది. దీన్ని ఎవరు పడవ అంటారు అని నాకు నేనే తీర్పు చెప్పుకున్నాను. నా భార్య మునెమ్మకు మాత్రం ఓవర్‌టైమ్ ఉందని చెప్పి, సద్ది డబ్బా, లీటరు నీళ్ళ సీసా పట్టుకుని తెల్లవారగానే బయలుదేరాను.

పది గంటలకల్లా పడమటి గాలి పట్టుకుంది. నేను ఒడ్డు వైపే తెడ్డు వేస్తున్నాను, ఒడ్డు మాత్రం దూరమవుతూనే ఉంది. తెప్పను నిలబెట్టడానికి వేసిన రాయి తాడు తెగింది. ఇంకాసేపటికి తెడ్డు విరిగింది. విరిగిన ముక్కతో, చేతులతో, చివరికి సద్ది డబ్బా మూతతో కూడా నీళ్ళు తోశాను. మధ్యాహ్నం రాకెట్ లేచింది. దాన్ని అంత దగ్గరగా, అంత ఒంటరిగా చూసినవాణ్ణి నేనొక్కణ్ణే అయి ఉంటాను. లేచి నిలబడే వీలులేక కూర్చునే చెయ్యి ఊపాను. ఎవరికి ఊపానో నాకే తెలియదు.

సముద్రం మీద ఒంటరిగా నాలుగు రోజులు అంటే వినడానికి సాహసంలా ఉంటుంది. నేను చేసిందల్లా కూర్చోవడం. కాళ్ళు చాపితే తెప్ప ఒరిగిపోతుంది, కాబట్టి మడిచిన కాళ్ళు మడిచినట్టే. రెండో రోజుకు నీళ్ళు అయిపోయాయి. తొడలు బిగుసుకుపోయాయి, గిల్లినా తెలియలేదు. ఒడ్డున నా తెప్ప లేదని తెలిసి ఊరి పడవలు నన్ను వెతుకుతూ వచ్చాయి. ఒకటి దూరంగా పోవడం నేను చూశాను. అరవబోయాను, గొంతు పెగల్లేదు. అలల నురగ తెల్లన, నా తెప్ప తెల్లన. వాళ్ళకు నేను కనబడలేదు. ఆ పడవ పోయాక ఏడ్చాను. ఒంట్లో ఉన్న కాస్త నీళ్ళు ఏడుపుకు ఖర్చయిపోతున్నాయని భయం వేసి, ఆ భయానికి మళ్ళీ ఏడ్చాను. మూడో రోజు సాయంత్రం దోసిలితో రెండుసార్లు ఉప్పునీళ్ళు తాగాను. తాగకూడదని నాయన నాకు చిన్నప్పుడే చెప్పాడు. తెలిసే తాగాను.

నాలుగో రోజు తమిళనాడు బోటువాళ్ళు నన్ను చూసి పైకి లాగారు. నీళ్ళ బిందె మీద పడబోతే ఒక పెద్దాయన నా రెండు చేతులూ గట్టిగా పట్టుకుని, "కొంజం, కొంజం" అంటూ సీసా మూతతో కొంచెం కొంచెంగా పోశాడు. ఒడ్డుకు చేర్చి మా ఇంటికి ఫోన్ చేసింది కూడా వాళ్ళే. మావాళ్ళు వచ్చి సూళ్ళూరుపేటలో చూపించారు. అక్కడ సెలైన్ ఎక్కించి, రక్తం పరీక్ష చూసిన డాక్టరు, "ఈడ పెట్టుకోలేము, బిరీన తిరుపతికి తీసుకపోండి" అన్నాడు. అంబులెన్స్ శ్రీకాళహస్తి దాటింది. అప్పుడు మునెమ్మ అడిగింది.

"ఓవర్‌టైము అయిపోయిందా?"

నేను కళ్ళు మూసుకున్నాను.

"కండ్లు మూసుకుంటే యాడికి పోతావు? ఫ్యాక్టరీ గేటు కాడ నిలబడి, మా ఆయన్ని ఒక్కసారి బయటికి పంపండి సామీ అని నేను బతిమాలతా ఉండా. నువ్వు సూస్తే సముద్రంలో ఉండావు."

తిరుపతిలో కిడ్నీ వార్డు చూసే డాక్టరు ఒక మేడమ్. రిపోర్టులు మంచం మీద పరిచి నెమ్మదిగా చెప్పింది. "ఒకటి దగ్గర ఉండాల్సిన మీ క్రియాటినిన్ తొమ్మిది దాటింది. కండరాలు చెడితే పెరిగే సీపీకే మా మిషన్ లెక్కకు అందడం లేదు. నాలుగు రోజులు కాళ్ళు మడుచుకుని కదలకుండా కూర్చున్నారు కదా, కండరాలు దెబ్బతిని ఆ చెత్తంతా రక్తంలో కలిసింది. దాన్ని వడకట్టలేక కిడ్నీలు ఆగిపోయాయి. ఒంట్లో నీళ్ళు లేకపోవడం దానికి తోడైంది. దీన్ని రాబ్డో అంటాం."

"కిడ్నీలు పోయినట్టేనా మేడమ్?" అన్నాను.

"ఇప్పుడైతే పని చేయడం లేదు. మళ్ళీ మొదలుపెడతాయా, పెట్టవా అన్నది మీ యూరిన్ చెప్పాలి, నేను చెప్పలేను."

మెడలో కాథెటర్ పైపు వేసి రోజు మార్చి రోజు డయాలసిస్ మొదలుపెట్టారు. అన్నిటికన్నా నన్ను కుంగదీసింది నీళ్ళ కొలత. రోజుకు అర లీటరే, మాత్రలు మింగే నీళ్ళతో కలిపి. నాలుగు రోజులు దాహంతో చచ్చి బతికినవాణ్ణి, పక్కనే నీళ్ళ క్యాన్ కనబడుతుంటే ముట్టకూడదు. "లోపలికి పోయింది బయటికి రాకపోతే ఊపిరితిత్తుల్లోకి ఎక్కుతాదప్పా" అని సిస్టరమ్మ చెప్పింది. సముద్రంలోనే నయం, ఆశ పెట్టేవి ఏమీ లేవు అనిపించింది.

ఇక నా బతుకంతా మూత్రం పట్టే ఒక కొలత జగ్గు చుట్టూ తిరిగింది. పొద్దున్నే సిస్టరమ్మ వచ్చి "ఏమప్పా, ఎంత?" అనేది. "ముప్పై" అంటే "నిన్న ఇరవయ్యే కదా, మేలే" అని రాసుకునేది. ఊరి నుంచి ఎవరు ఫోన్ చేసినా ఎట్లున్నావని అడగడం మానేశారు. మా బావమరిది స్పీకర్‌లో వార్డంతా వినబడేలా "మావ పోసినాడా?" అని అరిచేవాడు. పక్క మంచం పెద్దాయన "పోసినాడులే నాయనా, రోంతసేపు ఊరికే ఉండు" అని నా బదులు జవాబు చెప్పేవాడు. నవ్వు వచ్చేది. నవ్వు ఆగిపోయాక దిగులు వేసేది. చేతులు కాళ్ళు ఉన్న మనిషినే, కానీ ఆ ఒక్క పని నా చేతిలో లేదు.

రెండో వారంలో కొలత రోజుకు రెండు వందల మిల్లీలీటర్లకు వచ్చింది. అక్కడే తప్పు జరిగింది. మా వైపు ఎవరికి వేడి చేసినా, ఒంటికి సరిగా పోయకపోయినా మొదట ఇచ్చేది లేత టెంకాయ నీళ్ళు. ఎలనీరు అంటాము. ఆస్పత్రి గేటు బయటే ఎలనీరు బండి ఉంది. కొలత రెండు వందల దగ్గరే ఆగిపోయేసరికి మునెమ్మ ఓపిక పట్టలేకపోయింది.

"నాలుగు దినాల ఎండ ఒంట్లోనే ఉండాది మావా. సల్లబడితే గానీ కిడ్నీ తెరుసుకోదు. వాళ్ళు సెప్పింది నీళ్ళు తాగొద్దని కదా, ఇది నీళ్ళు కాదు" అంటూ పమిట చాటు నుంచి సీసా తీసింది.

తెప్పను పడవ కాదనుకున్న నేను దీన్ని నీళ్ళు కాదనుకోలేనా? గటగటా తాగేశాను. అంత రుచిగా జన్మలో ఏదీ తాగలేదు. ఒకటిన్నర రోజులో మూడు సీసాలు అయ్యాయి.

రెండో రోజు మధ్యాహ్నం చేతులు లేవలేదు. గుండె కొట్టుకుంటూ మధ్యలో ఆగి, ఆలోచించి మళ్ళీ కొట్టుకున్నట్టు ఉంది. ఈసీజీ తీసిన సిస్టరమ్మ పరుగెత్తింది. మేడమ్ వచ్చింది. "పొటాషియం ఏడున్నర. నిన్న మామూలుగానే ఉంది. ఏం తిన్నారు? ఏం తాగారు?"

నేను నోరు తెరవలేదు. అబద్ధం చెప్పి మునెమ్మను ఫ్యాక్టరీ గేటు దగ్గర నిలబెట్టినవాణ్ణి, ఇప్పుడు ఆమె పేరు చెప్పి అందరిలో తిట్టించడానికి మనసు ఒప్పలేదు. చస్తే చస్తాను కానీ చెప్పను అనుకున్నాను. ఎంత తెలివితక్కువ మొండితనమో ఇప్పుడు తెలుస్తోంది.

మునెమ్మ నా కాళ్ళ దగ్గర నిలబడి ఉంది. "నేనే ఇచ్చినాను సామీ. ఎలనీరు. మూడు సీసాలు" అంది.

మేడమ్ అరవలేదు. ఇంజెక్షన్లు చెప్తూ, డయాలసిస్ గదికి ఫోన్ చేయిస్తూ, మధ్యలో మునెమ్మ వైపు తిరిగింది. "అమ్మా, అది మీకూ నాకూ బలమే. దాంట్లో పొటాషియం ఎక్కువ. ఈయన కిడ్నీ దాన్ని బయటికి పంపలేదు. అది గుండెను ఆపేస్తుంది. ఇప్పుడు చెప్పారు కాబట్టి సరిపోయింది."

నన్ను స్ట్రెచర్ మీద తీసుకుపోతుంటే మునెమ్మ వెంట రాలేదు. గోడకు ఆనుకుని అక్కడే కూర్చుండిపోయింది. నేను తల తిప్పి పిలవలేను, లేచి పోలేను. అంత నిస్సహాయంగా సముద్రం మీద కూడా లేను. మరుసటి రోజు సాయంత్రం వరకు ఆమె నా దగ్గరికి రాలేదు. వచ్చి, మంచం పట్టె పట్టుకుని నిలబడింది.

"సముద్రమే నిన్ను ఇడిసిపెట్టింది. నేను సంపబోయినాను."

"నేను దాసి పోయినాను, నువ్వు దాసి ఇచ్చినావు. సరికి సరి" అన్నాను, నవ్వించాలని.

ఆమె నవ్వలేదు. "యాడ సరి? నువ్వు పోయింటే, నా సేత్తోనే ఇచ్చినానని నేను ఎవురికి సెప్పుకోవాల?"

ఆమె చెయ్యి పట్టుకున్నాను, అంతే.

మూడో వారంలో మెడలో కాథెటర్‌కు ఇన్ఫెక్షన్ పట్టి, చలి జ్వరంతో పళ్ళు టకటకలాడాయి. ఆ పైపు తీసి ఇంకో పక్క వేశారు. నాలుగో వారంలో, ఎవరూ ఏమీ కొత్తగా చేయకుండానే, ఒక పొద్దున జగ్గులో ఎనిమిది వందలు వచ్చాయి. మరుసటి రోజు రెండు లీటర్లు. సిస్టరమ్మ జగ్గు పైకెత్తి పక్క మంచం పెద్దాయనకు చూపించింది. ఆయన రెండు చేతులూ జోడించాడు. ఆయన మాత్రం ఇప్పటికీ డయాలసిస్ మీదే ఉన్నాడు. నా కిడ్నీలు ఎందుకు లేచాయి, ఆయనవి ఎందుకు లేవలేదు అని మేడమ్‌ను అడిగాను. "అన్నిటికీ మా దగ్గర జవాబు ఉండదు" అంది. ఐదో వారంలో ఇంటికి పంపారు.

ఏడాదిన్నర అయింది. క్రియాటినిన్ ఒకటి పాయింట్ ఆరు దగ్గర ఆగింది. ఇంతకంటే దిగదట, ఉన్నదాన్ని కాపాడుకోమన్నారు. ఉప్పు తగ్గించాను. ఎండుచేప మానేశాను, అది వండే వాసన వచ్చినప్పుడు మాత్రం లేచి వీధిలోకి పోతాను. ఒళ్ళు నొప్పులని మాత్రలు కొని మింగను. ఎడమ కాలు ఇంకా పూర్తిగా స్వాధీనంలోకి రాలేదు, ఫ్యాక్టరీలో కూర్చుని చేసే పనికి మార్చారు. సముద్రంలోకి పోవడం లేదు. రిపోర్టు వచ్చే రోజు కాగితం నేను విప్పను, మునెమ్మే విప్పుతుంది.

ఇది చదివేవాళ్ళకు నేను చెప్పగలిగింది ఒక్కటే. ఆస్పత్రిలో ఉన్న మీ మనిషికి ఇంటి నుంచి, బయటి నుంచి ఏది తెచ్చినా, ఎంత మంచిదని పేరున్నా, ముందు సిస్టరుకో డాక్టరుకో చూపించి ఇవ్వండి. ఒకవేళ ఇచ్చేసి ఉంటే, తిడతారని దాచకండి. ఇచ్చినవాళ్ళే కాదు, తాగినవాళ్ళు కూడా.

చెకప్‌కు తిరుపతి పోయినప్పుడల్లా మునెమ్మ నన్ను లోపలికి పంపి, తను గేటు దగ్గర ఎలనీరు బండి పక్కన నిలబడుతుంది. సీసాలో పోయించుకునేవాళ్ళను "ఎవురికక్కా? ఏ వార్డు?" అని అడుగుతుంది. బండాయన మొదట్లో గొడవ పెట్టుకున్నాడు, ఇప్పుడు ఆయనే కిడ్నీ వార్డుకు ఇవ్వనంటున్నాడు. పోయినసారి నేను బయటికి వచ్చేసరికి ఒకామె మునెమ్మ మీద అరుస్తోంది. "నా మొగుడికి నేను ఇచ్చుకునేదానికి మద్దెలో నువ్వెవురు?" మునెమ్మ ఆమె చేతిలోని సీసాను వదల్లేదు.

"నేనూ మా ఆయనకే ఇచ్చినాను" అంది.