సావుకారు దిగితే వాలే చక్రాలు

మా అన్న నడిపే కారుకు వెనక చక్రాలు నిలువుగా ఉండేవి కావు. పైన లోపలికి వాలి, కింద బయటికి జరిగి, బరువు మోయలేక కాళ్లు ఎడం చేసిన ఎద్దులాగా ఉండేది ఆ బండి. కర్నూలు రాజధానిగా ఉన్న రోజుల్లో, మద్రాసు నుంచి వచ్చిన ఒక ఆఫీసరు దగ్గర శెనక్కాయల సావుకారు దాన్ని కొన్నాడు. యుద్ధానికి ముందు జర్మనీలో తయారైన కారు. అట్లాంటిది ఊళ్లో ఇంకొకటి లేకపోవడం ఆయనకు గొప్ప, దాన్ని బాగుచేయవలసిన వాళ్లకు కష్టం.

టైర్లు లోపలి అంచున అరిగి దారాలు తేలినాక సావుకారు అన్నను పిలిచాడు.

"వచ్చే నెల కడపలో మా బామ్మర్ది ఇంట్లో గృహప్రవేశం. ఇంటిల్లిపాదీ ఈ కార్లోనే పోవల్ల. ఆ లోపల చక్రాలు నిలబడితే సరి. లేకుంటే బండి అమ్మేస్తా. బండి పోయినాక డ్రైవరెందుకప్పా నాకు?"

మాది మగ్గాల ఇల్లు. నేను మగ్గం మీదే బతుకుతున్నాను. అన్నకు ఆ దారి లేదు. లారీ ఇంజనుకు హ్యాండిలు వేసి తిప్పుతుంటే అది వెనక్కి తన్ని, కుడిచేతి రెండు వేళ్లు బిగుసుకుపోయాయి. స్టీరింగు పట్టగలడు గానీ తెగిన పోగు అతకలేడు. వదినె, పిల్లలు ఆ స్టీరింగు మీదే ఆధారపడి ఉన్నారు.

నేను బడి తొందరగానే మానేసినా, పని లేని రోజుల్లో పొద్దస్తమానం గ్రంథాలయంలోనే ఉండేవాణ్ని. ఇంగ్లీషు నాకు నేర్పింది అక్కడి నిఘంటువే. మోటారు బండ్ల మీద లావుపాటి పుస్తకం ఒకటి అక్కడ ఉండేది. నాకంటే ముందు దాన్ని ఎవరూ తెరవలేదేమో, పుటలు ఒకదానికొకటి అతుక్కుని ఉన్నాయి. అందులో ఈ కారు వెనక భాగం బొమ్మ దొరికిన రోజు, ఇంటికి నడిచి రాలేదు, పరుగెత్తుకొచ్చాను.

విషయం ఇది. లారీకి వెనక ఇరుసు అంతా ఒకటే కడ్డీ. ఈ కారుకు నడుమ రెండు ముక్కలు. ఒక్కో ముక్క మడతబందు మీద తలుపు రెక్కలాగా పైకీ కిందికీ ఆడుతుంది. బండి వీపు కుంగితే చక్రాల పైభాగం లోపలికి పడుతుంది, వీపు లేస్తే బయటికి పోతుంది. వీపును మోసేది అడ్డంగా బిగించిన కమాను పట్టీల కట్ట. మన బండిలో అది చచ్చుబడింది.

తుంగభద్ర ఒడ్డున లారీలు బాగుచేసే సాయిబు ఇదంతా విని బండి కిందికి దూరాడు.

"ఇట్లా నడుమ ఇరిగిన ఇరుసు నేనెప్పుడూ చూడలా," అన్నాడు.

"ఇరగలా సాబూ, అట్లే పుట్టింది," అన్నాడు అన్న.

"యా అల్లా! పుట్టుకుంటికి నన్ను మందిమ్మంటాండారా?"

అయినా చేశాడు. పాత పట్టీలను కొలిమిలో పెట్టి మళ్లీ వంచి, కొత్త పట్టీ ఒకటి చేర్చి బిగించాడు. బండి ఎప్పుడూ మోసే బరువు పెట్టి చక్రాలు సరిచూడాలని పుస్తకంలో ఉంది. సావుకారు ఇంట్లో కారెక్కేవాళ్లను లెక్కబెట్టే అలవాటే లేదు. భార్య, తల్లి, పిల్లలు, మేనత్త, పరుపుచుట్ట, మంచినీళ్ల కూజా, దారిలో చెయ్యెత్తిన చుట్టం, అందరూ ఎక్కుతారు. అంత బరువుకు సరిపడా శెనక్కాయల మూటలు సీట్ల మీద పేర్చాము. తాపీమేస్త్రీ దగ్గర గుండుదారం అడిగి తెచ్చి చక్రం పక్కన వేలాడదీస్తే, దారం టైరు పైఅంచునూ కిందిఅంచునూ ఒకేలా తాకింది. పుస్తకంలో చదివింది నా కళ్ల ముందు అట్లా నిలబడటం అదే మొదటిసారి.

మూటలు దించాము. వీపు లేచింది. చక్రాల పైభాగం ఈసారి బయటికి వాలింది. కొత్త పట్టీ తీసి మూటలు పెట్టి చూస్తే, వీపు మళ్లీ కుంగి మొదటికొచ్చింది. తిరిగి వేశాము. ఖాళీగా సరిచేస్తే బరువుకు చెడుతుంది, బరువుకు సరిచేస్తే ఖాళీగా చెడుతుంది. సాయిబు మసిచేతులు గుడ్డకు తుడుచుకుంటూ నా ముఖం చూశాడు. నేను అన్న ముఖం చూశాను.

"ఎక్కినాక సరిగా ఉంటే చాల్లే," అన్నాడు అన్న.

ప్రయాణం పొద్దున సావుకారు బయటికొచ్చాడు. కారు కొనకముందు ఎద్దుల బేరం చేసిన మనిషి. సంతలో ఎద్దు ముఖం చూసేవాడు కాదు, వెనక్కి పోయి గొంతుకూర్చుని కాళ్లు చూసేవాడు. కారు వెనకా అట్లే కూర్చున్నాడు.

"మొన్న లోపలికి, ఇయ్యాల బయటికి. ఏమప్పా, నా కారు నాట్యం నేర్చుకుంటాండాదా?"

"అందరూ ఎక్కండి సామీ, సరిపోతాది."

అందరూ ఎక్కారు. చక్రాలు నిట్టనిలువుగా నిలబడ్డాయి. అన్న ముఖం వెలిగింది.

"ఇప్పుడు చూడండి సామీ!"

సావుకారు కిటికీలోంచి తల బయటపెట్టాడు. "యాడ? ఈడికి కనపడలా." చూద్దామని దిగాడు. ఆయన భారీ మనిషి. ఆయన దిగగానే ఆ పక్క చక్రం మళ్లీ బయటికి వాలింది.

"అట్లే ఉండాది గదప్పా!"

"మీరు దిగబట్టి సామీ."

"అంటే తప్పు నాదా?"

ఆయన చోట నన్ను కూర్చోమన్నాడు అన్న. మగ్గం మీద ఎండిపోయిన నా ఒంటికి ఆ చక్రం చలించలేదు. "ఒక మూట పెడితే సామీ..." అని అన్న నసిగాడు.

"నా సీట్లో మూటా? నేనూ శెనక్కాయల మూటా ఒకటేనా?"

కార్లోంచి ఎవరో కిసుక్కున నవ్వారు. దాంతో అంతా అయిపోయింది. నేను మట్టిలో పుల్లతో ఇరుసు బొమ్మ గీసి చూపించాను. ఆయన ఓపికగానే చూశాడు.

"శానా చదివినావు. అయితే కండ్ల ముందర వంకరగా ఉండేదాన్ని సక్కంగా ఉందని ఎట్లా అనేది?"

నా దగ్గర జవాబు ఉంది. ఆయన కార్లో కూర్చుని ఉండగా దాన్ని ఆయనకు చూపించే మార్గం మాత్రం లేదు. అందరూ దిగి బస్సుస్టాండుకు పోయారు.

బద్వేలులో ఒక వ్యాపారి కారు కొన్నాడు. అప్పజెప్పి రమ్మంటే అన్నతో నేనూ పోయాను. ఖాళీ బండి టైర్ల బయటి అంచుల మీద నడుస్తూ మలుపు మలుపుకూ తేలిపోయేది. అన్న ఎద్దులబండి కంటే మెల్లగా నడిపాడు. తాళాలిస్తూ, మనుషులెక్కితే చక్రాలు నిలబడతాయని వ్యాపారికి చెప్పాడు. ఆయన సరేనని తలూపాడు. డ్రైవరు కావల్లా సామీ అని అడిగితే, మా అల్లుడు నడుపుతాడులే అన్నాడు.

తిరుగు బస్సులో అన్న డ్రైవరు వెనక సీట్లో కూర్చున్నాడు. మైదుకూరు దాకా మలుపు వచ్చినప్పుడల్లా అతని కుడికాలు బ్రేకు మీద ఉన్నట్టు బస్సు నేలను గట్టిగా తొక్కుతూనే ఉంది.