అమ్మను బల్ల మీద పడుకోబెట్టిన రోజు

మసాజ్ నేర్చుకుంటున్నానని చెప్పగానే మా ఊరి ఆడవాళ్ళు ముక్కున వేలేసుకున్నారు. మగవాళ్ళు దుకాణం ఎక్కడ పెడతావని అడిగారు. బాపు మాత్రం ఎవరు ఎదురైనా "బిడ్డ నర్సు కోర్సు చేస్తాంది" అని ముందే చెప్పేసేవాడు. దాంతో ఒకామె సూది మందు పట్టుకుని మా ఇంటికే వచ్చింది.

చౌటుప్పల్ మందుల కంపెనీలో డబ్బాలు సర్దే పని పోయాక నల్లగొండలో ఈ కోర్సులో చేరాను. సర్టిఫికెట్ తెస్తే పనిలో పెట్టుకుంటామని నార్కట్‌పల్లిలో ఒక దవాఖాన వాళ్ళు మాటిచ్చారు. ఆ కాగితం రాకపోతే మళ్ళీ అమ్మ వెంట పత్తి ఏరడానికి పోవాలి. నేను ఏరిన సాలునే అమ్మ మళ్ళీ ఏరుకుంటూ వచ్చేది, నా పనితనం అంత గొప్పది.

ఈ కోర్సులో చేరాలనుకునేవాళ్ళకు ముందే చెబుతున్నాను, మొదటి నెలంతా మనిషిని ముట్టనివ్వరు. ఎముకల పేర్లే. నా ఒంట్లో ఇన్ని ఎముకలున్నాయని తెలిశాక నడవాలంటేనే భయమేసింది. తర్వాత గోళ్ళ తనిఖీ. మాకు నేర్పే మేడం రోజూ మా చేతులు తిప్పి తిప్పి చూసేది. గాజులు తీయమంటే పెళ్ళయినవాళ్ళు గొడవకు దిగారు. "గాజులు దీసి ఇంటికి పోతే మా అత్త నన్ను గడప తొక్కనియ్యది మేడం" అంది ఒకామె. చివరికి గాజులు మోచేతి దాకా నెట్టి రబ్బరు బ్యాండ్లు వేసుకున్నారు.

ఒకరి మీద ఒకరం నేర్చుకోవడం మొదలైన రోజే అసలు తమాషా. బల్ల మీద పడుకున్న పిల్ల కాలు నాకు తగిలింది. కాలు తగిలితే మనం ఊరుకుంటామా? ఆ పిల్ల లేచి, కర్పూరం నూనె కారుతున్న నా చెయ్యి ముట్టి కళ్ళకద్దుకుంది. "అవ్వో" అని కేక పెట్టి ఎగిరింది. ఆ ఎగరడంలో రెండో కాలు పక్కనున్నామెకు తగిలింది. ఏడుస్తూనే ఆమెకూ మొక్కింది. మర్నాడు మేడం బోర్డు మీద పెద్ద అక్షరాలతో "కాలు తగిలితే మొక్కరాదు" అని రాసింది. ఆ రాసిన మనిషి కాలే మధ్యాహ్నం నాకు తగిలింది. గబుక్కున మొక్కి, కొళాయి దగ్గరికి ఉరికింది.

పరీక్షకు ఇంటి నుంచి ఒక మనిషిని తెచ్చుకోవాలి. గంటలో ఒళ్ళంతా పట్టాలి. పరీక్ష పెట్టడానికి హైదరాబాదు నుంచి ఒక పెద్ద మేడం వచ్చింది. నేను అమ్మను తీసుకెళ్ళాను. అమ్మ పగటిపూట పడుకోవడం నేనెప్పుడూ చూడలేదు. పగలు పడుకునేది జ్వరమొచ్చినవాళ్ళూ చచ్చినవాళ్ళూ అని ఆమె లెక్క. పెళ్ళికి పోయినట్టు కొత్త చీర కట్టుకుని, పూలు పెట్టుకుని వచ్చింది. ఆ చీర విప్పించి దుప్పటి కప్పేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది.

పడుకోబోతూ నా చెవిలో అంది, "నువ్వు ఫికర్ జెయ్యకు. నొచ్చినా నొచ్చిందని నేననను."

అన్నంత పనీ చేసింది. మెడ పట్టి ఎట్లుందమ్మా అంటే "మంచిగుంది" అంది. వీపు మీద గట్టిగా నొక్కినా "మంచిగుంది" అంది. పెద్ద మేడం తలూపుతూ మార్కులు వేసుకుంటోంది. ఎడమ రెక్క కింద బొటనవేలు పెట్టాను. "మంచిగుంది బిడ్డా" అంది అమ్మ. కానీ దుప్పటి బయట ఉన్న కాలివేళ్ళు ముడుచుకుపోయాయి.

చూడనట్టు ముందుకు పోతే పాసయ్యేదాన్ని. ఆ ఆలోచన రాలేదని అబద్ధం చెప్పను. ఇంకో రెండుసార్లు నొక్కాను కూడా. వేళ్ళు ఇంకా బిగిశాయి. అప్పుడు నా మీద నాకే అసహ్యం వేసి చేతులు తీసేశాను.

"అమ్మా, అబద్ధమాడకు. యాడ నొస్తాందో చెప్పు."

 అమ్మ బల్లకు మొహం పెట్టేచోట ఉన్న కంతలోంచి నేలను చూస్తూ అంది, "గిట్ల నన్నెవ్వలు ఎన్నడడగలే బిడ్డా. యాడికెల్లి చెప్పాలె?"

ఎడమ రెక్క నుంచి మొదలుపెట్టింది. బోరింగు కొట్టి కొట్టి అది పట్టేసి ఎన్నో ఏళ్ళయిందట. మోకాలు నేను పుట్టిన ఏడాది పొలం ఒడ్డు మీద జారి పడ్డప్పటిదట. పత్తి ఏరే చేతివేళ్ళు పొద్దున లేవగానే ముడవడానికి రావట. ఇరవై నాలుగేళ్ళు ఆ చేతి అన్నమే తిన్నాను, నాకు ఒక్కటీ తెలియదు. ఆ రెక్క మీద చెయ్యి పెట్టి, మెల్లగా రాస్తూ వింటూ ఉండిపోయాను. అమ్మ ఆగలేదు. గంట కొట్టారు.

నడుము, కాళ్ళు, కుడి భుజం అట్లాగే మిగిలిపోయాయి. పెద్ద మేడం కళ్ళు తుడుచుకుని, కళ్ళద్దాలు పెట్టుకుని, ఫెయిల్ అని రాసింది. రాయక ఏం చేస్తుంది?

బస్సులో కిటికీ వైపు తిరిగి ఏడ్చాను. దవాఖాన వాళ్ళు ఆగుతారన్న నమ్మకం లేదు.  నకిరేకల్ దగ్గర పడుతుండగా అమ్మ నా మోచేతిని మెల్లగా పొడిచింది.

"మల్ల పరీచ్చ ఎప్పుడు బిడ్డా?"

"నెల దాటినంక."

"మంచిదే. నడుము సంగతి ఇంక జెప్పనే లేదు."