నా బ్యాచ్ తూటాలు

ఇంగ్లండ్‌లో రీడింగ్ అనే ఊళ్లో మా ఆఫీసు ఒకటే పెద్ద హాలు. అడ్డుగోడలు లేవు, దాక్కోవడానికి చోటూ లేదు. ఆ హాలు మధ్యలో కూర్చుని, లంచ్ టైములో ఫోన్ పట్టుకుని, "మీ దగ్గర పాయింట్ టూటూ తూటాలు ఉన్నాయా?" అని వరసగా నాలుగు షాపుల్ని అడిగాను. మూడో షాపుకి వచ్చేసరికి చుట్టుపక్కల కీబోర్డుల చప్పుడు ఆగిపోయింది. దీపావళికి ఆఫీసులో అందరికీ అరిసెలు పంచే మనిషి తూటాల కోసం వెతుకుతోందేమిటా అని పాపం వాళ్ల కంగారు. మా మేనేజర్ మెల్లిగా వచ్చి, అంతా బాగానే ఉంది కదా అన్నాడు. బాగాలేదు అన్నాను. ఈ దేశంలో ఆ ప్రశ్నకి అలా జవాబు చెప్పకూడదని నాకూ తెలుసు. కానీ ఒళ్లు మండిపోతోంది, ఏం చెయ్యమంటారు?

అసలు సంగతి చెప్తాను, తప్పెవరిదో మీరే తేల్చండి.

గుంటూరులో కాలేజీ చదివేటప్పుడు నేను ఎన్‌సీసీలో ఉండేదాన్ని. బోర్లా పడుకుని రైఫిల్ కాల్చడం అక్కడే నేర్చుకున్నాను. మా సుబేదారు గారు "ఈ అమ్మాయి ఊపిరి బిగబడితే గుండె కూడా కొట్టుకోవడం మానేస్తుందిరా" అని మగపిల్లల్ని దెప్పేవారు. పెళ్లీ, ఉద్యోగం, వీసా గోలలో అదంతా అటకెక్కింది. ఇక్కడికి వచ్చాక ఆఫీసులో ఒకావిడ ఓ ఆదివారం తన రైఫిల్ క్లబ్బుకి తీసుకెళ్లింది. రైఫిల్ చేతిలోకి రాగానే పదేళ్లు వెనక్కి పోయాను. ఇక ఆదివారాలన్నీ అక్కడే. మా ఆయన వంట నేర్చుకున్నది కూడా ఆ పుణ్యమే.

ఈ దేశంలో సొంత రైఫిల్ పెట్టుకోవడమంటే పెళ్లిచూపులకి కూర్చున్నట్టే. మనల్ని కొన్నేళ్లుగా ఎరిగిన ఇద్దరు పెద్దమనుషులు, ఈవిడ మంచిదే అని రాసివ్వాలి. ఇనప బీరువా తెచ్చి గోడకి బిగించాలి. మాది అద్దె ఫ్లాటు, ఆ నాలుగు కన్నాలు వేసుకోవడానికి ఓనరు కాళ్లావేళ్లా పడ్డాను. పోలీసాయన ఇంటికొచ్చి బీరువాని పట్టుకుని ఊపి చూశాడు. దసరాకి దానికి పెట్టిన కుంకుమ బొట్టు కేసి కాసేపు చూశాడు. నేను పెట్టిన చెక్కలు తిని, కారం తగిలి, రెండు గ్లాసుల నీళ్లు తాగి వెళ్లిపోయాడు. సర్టిఫికెట్ వచ్చింది. ఇంట్లో ఐదొందల తూటాలకి మించి ఉండకూడదని అందులో రాశారు. అంటే ఉన్నవి కాల్చేస్తే తప్ప కొత్తవి కొనే వీల్లేదు. పాత సభ్యులకి వేలల్లో ఇస్తారు, కొత్తదాన్ని కాబట్టి నాకు అంతే. పెంచమని అర్జీ పెట్టాను. అది ఏ ఫైల్లో నిద్రపోతోందో దేవుడికి తెలియాలి.

తూటాల షాపు మాకు కారులో ఇరవై నిమిషాల దూరం. ఫిష్ అండ్ చిప్స్ కొట్టు పక్కన, కిటికీలకి ఇనప ఊచలతో ఉండేది. లోపల ఈ చివర్నుంచి ఆ చివరిదాకా గాజు కౌంటరు. ఒకప్పుడు దాని నిండా పిస్తోళ్లు ఉండేవట. స్కాట్లాండ్‌లో ఒకడు బళ్లోకి చొరబడి పసిపిల్లల్ని చంపేశాక, చేతి తుపాకులు ఎవరి దగ్గరా ఉండకూడదని చట్టం తెచ్చారు. మంచిపనే, కాదని ఎవరంటారు? నేను ఆ షాపుకి వెళ్లడం మొదలుపెట్టేసరికి ఆ కౌంటర్లో ఊలు సాక్సులు, టోపీలు, కుక్కల్ని పిలిచే ఈలలు ఉండేవి. పిస్తోళ్ల గిరాకీ పోయాక షాపాయన తూటాలు తెప్పించడం కూడా తగ్గించేశాడు. దానికి తోడు ఆ వేసవిలో బయటి దేశం నుంచి రావాల్సిన మంచిరకం సరుకు రాలేదు. ఎక్కడ అడిగినా వచ్చే వారం, వచ్చే వారం. ఆ వచ్చే వారం రాదు, చావదు.

తూటాలన్నీ ఒకటే కదా అంటారేమో. కావు. కందిపప్పు చూడండి, ఒక బస్తాలోది ఇట్టే ఉడుకుతుంది, ఇంకో బస్తాలోది కుక్కరు ఎన్ని కూతలు కూసినా పలుకు పలుకుగానే ఉంటుంది. ఇవీ అంతే. అదే కంపెనీ, అదే రంగు డబ్బా. డబ్బా చివర అచ్చేసిన బ్యాచ్ నంబరు మారిందంటే తూటా పోయే తీరే మారిపోతుంది. ఏ బ్యాచ్ ఏ రైఫిల్‌కి పడుతుందో కాల్చి చూస్తేనే తెలిసేది. నేను నెలరోజులు ఆరు బ్యాచ్‌లు చూశాను. ఆరోది నా రైఫిల్‌కి కుదిరింది. కుదరడమంటే మామూలుగా కాదు, పది తూటాలు కాలిస్తే యాభై మీటర్ల అవతల కార్డు మీద ఒకటే కన్నం. ఆ రోజు రేంజిలోనే, అంటే కాల్చే చోటే, "అబ్బ, నా తల్లే!" అని పైకే అనేశాను.

షాపులో ఆ బ్యాచ్ ఇంకా రెండు పెద్ద పెట్టెలు ఉంది. ఇంట్లో చూస్తే పాత తూటాలు కోటా నిండా ఉన్నాయి. సరే, ఈ వారం, వచ్చే వారం అవి ప్రాక్టీసులో కాల్చి పడేసి, పెద్ద పోటీకి ఇవి కొనుక్కుందాం అనుకున్నాను. మా కౌంటీ, అంటే జిల్లా అనుకోండి, రెండో జట్టులో ఒక్క చోటు ఖాళీ ఉంది. దానికి ఇద్దరమే మిగిలాం. నేనూ, క్లబ్బులో ఒక పెద్దాయనా. జూలై ఆఖరి ఆదివారం ఇద్దరికీ పోటీ. గెలిచినవాళ్లు జట్టులో ఉంటారు. ఆ చోటు కోసం నేను కలలు కన్నానంటే నమ్మండి. జట్టు జాకెట్ మీద కౌంటీ గుర్తు కుడతారు. అది వేసుకుని ఫొటో తీయించుకుని, మా సుబేదారు గారికి పంపాలని నా కోరిక.

ఈ పెద్దాయనకి డెబ్బై దాటాయి. అక్కడ అందరూ పేరు పెట్టి పిలుస్తారు, నాకు మాత్రం నోరు రాదు. సర్ అనేదాన్ని. ఆయన ప్రతిసారీ నవ్వేవాడు. ఓ ఆదివారం టీ దగ్గర, తూటాలు దొరకడం లేదు కదా, నీకెలా ఉంది అని అడిగాడు. అడిగాడు కదా, చెప్పేశాను. బ్యాచ్ నంబరు చెప్పాను, షాపు చెప్పాను, ఏ అరలో ఎన్ని పెట్టెలున్నాయో కూడా చెప్పాను. కాగితం మీద రాసి మరీ ఇచ్చాను. పోటీ ఆయనతోనే అని తెలియకా? తెలుసు. అయినా అడిగితే చెప్పకుండా ఎలా ఉంటాం? మా వీధిలో ఎవరికైనా మంచి చింతపండు దొరికితే మధ్యాహ్నానికల్లా వీధి మొత్తానికి తెలిసేది. ఇక్కడ కూడా షాపుకి గోంగూర వచ్చిందంటే మా తెలుగువాళ్లం పది మందికి ఫోన్లు చేసుకుంటాం. చెప్పాక కూడా, చెప్పిన మనిషికి మిగల్చకుండా ఎవరైనా ఊడ్చుకుపోతారా?

ఊడ్చుకుపోయాడు.

రెండు వారాల తర్వాత పాతవన్నీ కాల్చేసి, సర్టిఫికెట్ పట్టుకుని సంబరంగా షాపుకి వెళ్తే ఆ అర బోసిగా ఉంది. "సారీ అమ్మా, అయిపోయాయి. మీ క్లబ్బు పెద్దాయన శనివారం తలుపు తియ్యకముందే వచ్చి నించున్నాడు. రెండు పెట్టెలూ ఆయనే పట్టుకెళ్లాడు. నువ్వే చెప్పావటగా, చాలా మెచ్చుకున్నాడు" అన్నాడు షాపాయన.

మెచ్చుకున్నాడట! ఒక్క డబ్బా, ఒకే ఒక్క డబ్బా నాకోసం పక్కన పెట్టలేకపోయారా అని అడిగాను. ముందొచ్చినవాళ్లకి ముందు అని, చేతులు తిప్పి, సాక్సులు సర్దుకోవడం మొదలుపెట్టాడు. ఆరు బ్యాచ్‌లు కాల్చి చూసింది నేను, భుజం కాయ కాచింది నాకు, ఏ కష్టం లేకుండా అనుభవించేది ఆయనా? ఆ మర్నాడే నేను ఆఫీసులో ఆ ఫోన్లన్నీ చేసింది. మంచిరకం ఎక్కడా లేవు.

ఇంటికొచ్చి మా ఆయన మీద పడ్డాను. "పోనీ ఆయన్నే అడగకూడదూ?" అన్నాడు.

"నేనా? అడగడమా? ఆయనకి తెలీదా? సిగ్గుండక్కర్లేదా?" అన్నాను.

ఆ తర్వాత రెండు ఆదివారాలు ఆయన ముందే కూర్చున్నాను. ఇప్పుడంటాడు, ఇదిగో నీకు రెండు డబ్బాలు అంటాడు అని చూస్తున్నాను. ఎండల గురించి మాట్లాడాడు. తోటలో చిక్కుళ్ల గురించి మాట్లాడాడు. బిస్కెట్ల ప్యాకెట్ నా వైపు తోసి తీసుకోమన్నాడు. తూటాల ఊసే లేదు! ఆ బిస్కెట్ తినకుండా సాసర్లో వదిలేశాను.

పోటీ రోజు రానే వచ్చింది. ఇద్దరికీ పక్కపక్క చాపలు. నేను దొరికిన నాసిరకం తూటాలు పక్కన పెట్టుకుని షూటింగ్ కోటు బిగించుకుంటున్నాను. ఆయన నా డబ్బా చివర నంబరు చూశాడు.

"అదేమిటి, మంచి బ్యాచ్ వాడటం లేదా?" అన్నాడు.

"ఎలా వాడతాను? మొత్తం మీరే కొన్నారుగా" అన్నాను.

ఆయన ముఖం ఎర్రబడింది, చెవుల దాకా. "అయ్యో, నువ్వు నీకు కావాల్సినవి తీసుకున్నాకే నాకు చెప్పావనుకున్నాను. తను కొనుక్కోకుండా ఎవరైనా పోటీదారుకి చెప్తారా?" అన్నాడు. వెంటనే పెట్టె విప్పి, ఒక డబ్బా తీసి, చాప మీంచి నా వైపు చాచాడు. "తీసుకో. నా దగ్గర బోలెడున్నాయి."

నా తూటాలు! నాకే దానం చేస్తున్నట్టు, అవతల పదిమంది చూస్తుండగా! అవతల రేంజి ఆఫీసరు ఇంక రెండు నిమిషాలే అని కేకేస్తున్నాడు. ఆ డబ్బా నా చేతికి జానెడు దూరంలో ఉంది. మూడు వారాల కోపం ఒక్కసారి పైకి వచ్చింది. "నో, థాంక్యూ" అన్నాను. ఆ థాంక్యూలో ఎంత విషం పోశానో నాకే తెలుసు.

నలభై షాట్లు, ఒక్కోదానికి పది మార్కులు. ముప్పై దాకా ఇద్దరం సమానం. ఊపిరి బిగబట్టాను, గుండె కూడా ఆగిందనే చెప్పాలి. ముప్పై ఏడో తూటా, నేను మీట సరిగ్గానే నొక్కాను, ఒట్టేసి చెప్తాను, అది మాత్రం తనిష్టం వచ్చినట్టు పక్కకి పోయింది. ఆయనకి మూడొందల తొంభై ఒకటి. నాకు మూడొందల తొంభై. ఆయన చెయ్యి కలిపాడు, కలిపాను. కారు దగ్గరికి వెళ్లి తలుపేసుకుని ఏడ్చాను.

ఆయన వచ్చి అద్దం మీద తట్టాడు. తట్టినవాడు వెళ్లడే! అద్దం దించాను. ఒక్క మాట అడిగుంటే ఎప్పుడో ఇచ్చేవాణ్ని కదా అన్నాడు. మా వైపు అడిగించుకోవడమే పెద్ద తప్పు అన్నాను. ఆయనకి అర్థం కాలేదు. ఆ చట్టం వచ్చినప్పుడు, వాళ్ల నాన్న దగ్గర్నుంచి వచ్చిన పిస్తోలు పోలీస్ స్టేషన్ కౌంటరు మీద పెట్టేసి వచ్చిన రోజు గురించి చెప్పాడు. ఆఖరిసారి కాలుద్దామని తూటాల కోసం ఆ షాపుకే వెళితే అర ఖాళీగా ఉందట. వచ్చే వారం అన్నారట. వచ్చే వారానికి పిస్తోలే లేదు. అప్పట్నుంచి అరలో ఏది కనిపించినా మొత్తం తెచ్చుకుంటానని, ఇంటావిడ తిడుతుందని అన్నాడు. నాకు జాలేసింది. జాలేసినందుకు ఇంకా కోపం వచ్చింది.

ఆ శుక్రవారం ఆఫీసులో రిసెప్షన్ అమ్మాయి హాలంతా వినబడేలా, "మీ తూటాలు రెడీగా ఉన్నాయట, షాపు వాళ్లు ఫోన్ చేశారు" అంది. మళ్లీ కీబోర్డులు ఆగిపోయాయి. వెళ్లి చూస్తే, ఆయన నా కోసం షాపులో వదిలిపెట్టిన నాలుగు డబ్బాలు. అదే బ్యాచ్. తీసుకోకూడదు అనుకున్నాను. తీసుకున్నాను.

ఆదివారం ఎవరూ లేనప్పుడు వెళ్లి నలభై కాల్చాను. మూడొందల తొంభై ఏడు. నాలుగు కార్డుల మీదా తేదీ వేసి ఇంటికి తెచ్చాను, పోటీ అయిన సరిగ్గా వారానికి. మా ఆయన ఒక్కో కార్డూ వెలుతురుకి పెట్టి చూశాడు. "అయితే ఆ రోజు ఆ డబ్బా తీసుకునుంటే..." అని మొదలుపెట్టాడు. మాట్లాడకండి అన్నాను. పాపం, మళ్లీ ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు.

సుబేదారు గారికి ఫొటో పంపలేదు. ఆ మరుసటి ఏడాది ఆయన పోయారు. ఆ పెద్దాయన నా చోటు లాక్కున్నాడని తెలిసినవాళ్లందరికీ చెప్పుకు తిరిగాను, ఇన్నేళ్లూ. లాక్కోలేదు. చెయ్యి చాచి ఇవ్వబోయాడు. వద్దన్నది నేను, థాంక్యూ చెప్పి మరీ.