సముద్రం చూడని కెప్టెన్‌కి సన్మానం

ఆ రోజుల్లో మా లింగంపల్లిలో కంప్యూటర్ కోర్సులో చేరనివాణ్ని జనం జాలిగా చూసేవాళ్ళు. మాదాపూర్ బండల మధ్య అద్దాల మేడ లేచేసరికి ఊరందరికీ పిచ్చెక్కింది. పొద్దున లేస్తే ఏ కోర్సు, ఎన్ని నెలలు, కొలువెప్పుడు, ఇదే గోల. నాకా గొర్రెల మందంటే ఒళ్ళుమంట. (ఉచిత క్లాసులో మౌస్ తలకిందులుగా పట్టుకుంటే అందరూ నవ్వారని లేచొచ్చేశానన్నది వేరే సంగతి.) ఆ కోపంలోనే పేపర్లో ప్రకటన చూసి మర్చంట్ నేవీ అకాడమీకి దరఖాస్తు పడేశాను. పరీక్ష రాశాను. నా ఖర్మ కాలి సీటొచ్చింది!

మా నాయిన బస్సు డిపోలో మెకానిక్. ఆ ఉత్తరం డిపో అంతా తిప్పాడు. "తుపాకి ఇస్తరా బిడ్డా?" అని అడిగాడు. "సరుకుల ఓడ నాయినా, తుపాకులుండవు" అంటే, "అయితే ఏంది, కెప్టెన్ కెప్టెనే" అన్నాడు. నేనేమో ఛాతీ విరుచుకుని తిరిగాను. హుస్సేన్‌సాగర్‌ని మించిన నీళ్ళు చూసిన మొహం కాదు, మళ్ళీ దానికంత పొగరు! కంప్యూటర్ క్లాసుకి పోతున్న ఎదురింటి అన్నని ఆపి మరీ "ఏం గుమస్తా, గుండీలు నొక్కడానికేనా?" అన్నాను. పాపం, నవ్వి ఊరుకున్నాడు. ఇక మా కాలనీ సంఘం సంగతి చెప్పక్కర్లేదు. ఎవరైనా స్కూటర్ కొన్నా శాలువా కప్పే సంఘమది. ఆదివారం నాకు సన్మానమని మైకు కూడా మాట్లాడేశారు.

ఆ ఉత్తరం అడుగున, చీమ తలకాయంత అక్షరాల్లో, వైద్య పరీక్షలో నెగ్గితేనే సీటని రాసుంది. అది చదివే తీరిక ఎవడికుంది? శుక్రవారం సికింద్రాబాద్‌లో డాక్టర్ గారు రంగురంగుల చుక్కల పుస్తకం తెరిచి, చుక్కల మధ్య ఏ అంకె ఉందో చెప్పమన్నారు. నాకు చుక్కలే కనిపించాయి. ఇంకో పేజీ. మళ్ళీ చుక్కలే. "ప్రింటు బాగాలేదు సార్" అన్నాను, ఆయనకేదో తెలియనట్టు! "ప్రింటు బాగానే ఉంది బాబూ. నీకు ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలియడంలేదు. రాత్రిపూట ఓడల దీపాలు ఆ రంగులే కదా, కుదరదు" అని కాగితం రాసిచ్చారు. దాన్ని చొక్కా జేబులో కుక్కుకుని ఇంటికొచ్చాను. "ఏమన్నరు బిడ్డా?" అన్నాడు నాయిన గుమ్మంలోనే. "కళ్ళు భేషుగ్గా ఉన్నాయన్నారు" అన్నాను. ఛీ, నోరు ఎలా వచ్చిందో!

ఆదివారం శాలువా కప్పించుకున్నాను. అంతటితో ఊరుకున్నానా? మైకు పట్టుకుని తుఫానుల గురించి, రేవుల గురించి దంచేశాను. మధ్యలో వెనక నుంచి, కాకినాడ నుంచి వచ్చి మా కాలనీలో ఇల్లు కట్టుకున్న అంకుల్ లేచారు. "మెడికల్ అయిపోయిందా బాబూ? మా అన్నయ్యగారబ్బాయికి ఇలాంటి సీటే కళ్ళ పరీక్ష దగ్గర పోయిందిలే, అందుకని అడుగుతున్నా." నేను మైకు సరిచేస్తున్నట్టు నటించాను. అప్పుడు ముందు వరుసలోంచి నాయిన లేచాడు. "అయింది సార్. జర మావోన్ని చెప్పనియ్యుండ్రి" అన్నాడు. సిగ్గులేని గాడిదని, ఇంకో పది నిమిషాలు చెప్పాను. ఎదురింటి అన్న కూడా చప్పట్లు కొట్టాడు.

ఇంటికొచ్చాక నాయిన డాక్టర్ కాగితం తీసి నా ముందు పెట్టాడు. "పొద్దుగాల అంగీ ఉతుకనీకి తీస్తే దొరికింది. ఎదురింటి కంప్యూటర్ పిలగానితోని చదివించుకున్న" అన్నాడు. నాకు భూమిలోకి కుంగిపోవాలనిపించింది. "మరి అక్కడే ఎందుకు చెప్పలేదు నాయినా?" అని ఏడ్చాను. "మంచిగ చెప్తుంటివి బిడ్డా. ఇంకో పది నిమిషాలు కెప్టెన్ నాయిన లెక్క కూసుందామనుకున్న" అన్నాడు. తెల్లారి డ్యూటీకి పోకముందే ఇల్లిల్లూ తిరిగాడు. "మావోనికి రంగులు కానరావంట, పోతలేడు. జర వాన్నేం అడగకుండ్రి" అని ప్రతి గడప దగ్గరా చెప్పాడు. కాబోయే కెప్టెన్‌గారు కిటికీ చాటున నక్కి చూశారు.

ఇప్పుడు నాకు ఆ వయసు కొడుకున్నాడు. నాయిన లేడు. ఆ మైకు ముందరి మొనగాడు గుర్తొస్తే, వెళ్ళి చెంప ఛెళ్ళుమనిపించాలనిపిస్తుంది. కానీ ముందు వరుసలో ఆయన కూర్చుని ఉంటాడు, నోరు కొద్దిగా తెరుచుకుని, ఒక్క అబద్ధమూ పోనివ్వకుండా వింటూ. సరేలే, ఇంకాసేపు చెప్పరా వెధవా, అని నవ్వుకుని ఊరుకుంటాను.